తెర మీద వేసిన వలయం వలయమేనా?

నెలవంక:
మా బృందంలో తొమ్మిది మందిమి ఉన్నాం. విక్కా అనే ఆధునిక ప్రకృతి ఆరాధన పద్ధతిలో సాధన చేస్తాం. 2020లో కలుసుకునే వీలు లేక, వలయంగా నిలబడి చేసే పున్నమి క్రతువును వీడియో కాల్‌లోకి మార్చుకున్నాం. ఆ తర్వాత ఉద్యోగాల కోసం తలా ఒక నగరానికి చెదిరిపోయాం. తెర మాత్రం అలాగే ఉండిపోయింది. వచ్చే అక్టోబరు 31న సావిన్, పోయినవారిని తలుచుకునే రాత్రి. ఈసారి కూడా తెర మీదే అనగానే మాలో ఇద్దరు ఎదురు తిరిగారు. "అది వలయం కాదు, తొమ్మిది కిటికీలు" అన్నారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. ప్రకృతినే దైవంగా కొలిచే మతాన్ని, నగరంలో ఉంటూ రోజంతా కంప్యూటర్ ముందు గడిపే మనం ఎంతవరకు మార్చుకోవచ్చు? ఏ గీత దాటితే అది మరొకటి అయిపోతుంది?

పచ్చిక:
నేను ఆ ఇద్దరి పక్షమే. వలయం వేయడమంటే ఏమిటో గుర్తు చేసుకోండి. తూర్పున గాలి, దక్షిణాన నిప్పు, పడమట నీరు, ఉత్తరాన భూమి. నాలుగింటినీ పిలిచి వాటి నడుమ నిలబడతాం. పక్కవారి చెయ్యి చల్లబడిందో వణుకుతోందో మన చేతికి తెలుస్తుంది. ఒకే ధూపం పొగ అందరి కళ్ళనూ మండిస్తుంది. తెర మీద అయితే తొమ్మిది గదులు, తొమ్మిది కొవ్వొత్తులు. ఎవరికైనా ఏడుపు వస్తే మైకు ఆపేస్తారు. సావిన్ రాత్రి ఏడుపును ఆపే మీట ఎవరి చేతిలోనూ ఉండకూడదు.

ఫోన్ల సంగతి నన్ను ఇంకా బాధిస్తోంది. కొత్తగా సాధన మొదలుపెట్టిన ఒక అమ్మాయిని "ఈ రాత్రి చంద్రుడు పెరుగుతున్నాడా, తరుగుతున్నాడా?" అని అడిగాను. కిటికీ పక్కనే కూర్చుని ఉంది. ఫోను తీసింది. సరైన జవాబే చెప్పింది, కానీ తల ఎత్తలేదు. 2016లో వెలువడిన రాత్రి ఆకాశపు పటం ప్రకారం ప్రపంచ జనాభాలో 80 శాతానికి పైగా కాంతి కాలుష్యం కింద బతుకుతున్నారు. మూడింట ఒక వంతు మందికి పాలపుంత కనిపించదు. మిగిలిన ఆ కాస్త ఆకాశాన్ని కూడా యాప్‌కు అప్పగిస్తే ఇక మనం కొలిచేది దేన్ని?

తొమ్మిదో అంతస్తు:
పచ్చిక గారూ, ఆ అమ్మాయి విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ మన మతం అడవిలో పుట్టి నగరానికి వచ్చి చెడిపోయిందన్న ఊహ మీ మాటల వెనక ఉంది. మనలాంటి ప్రకృతి ఆరాధకులను పిలిచే 'పేగన్' అన్న పేరుకు మూలమైన 'పేగనస్' అనే లాటిన్ మాటకు పల్లెవాసి అనే అర్థం ఉంది, నిజమే. ఆధునిక పేగన్ మతం మాత్రం చాలావరకు నగరవాసుల తపన. విక్కా క్రతువుల మీద గాఢమైన ముద్ర వేసిన గోల్డెన్ డాన్ అనే రహస్య మంత్రవిద్యా సంఘం 1888లో లండన్‌లో ఏర్పడింది. విక్కాను లోకానికి చాటిన జెరాల్డ్ గార్డ్‌నర్ బ్రిటిష్ పాలనలోని మలయాలో కస్టమ్స్ అధికారిగా పనిచేసి విరమించినవాడు. 1951లో బ్రిటన్ పాత మంత్రవిద్య చట్టాన్ని రద్దు చేశాకే, 1954లో ఆయన బహిరంగంగా విక్కా గురించి పుస్తకం రాశాడు. అనాదిగా వస్తోందని చాలామంది అనుకునే ఎనిమిది పండుగల సంవత్సర చక్రం కూడా ఈ రూపంలో కుదురుకున్నది 1950లలోనే.

మీరు చెప్పిన దిక్కులనే చూడండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చాలామంది పేగన్లు నిప్పును ఉత్తరాన నిలుపుతారు. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానే ఉంటాడు కదా. యూల్ పండుగను డిసెంబరులో కాక జూన్‌లో, వాళ్ళ చలికాలం నడిమధ్యన చేసుకుంటారు. బ్రిటన్‌లో రాసిన పద్ధతిని పక్కన పెట్టి తమ నెత్తి మీది సూర్యుణ్ణి నమ్మారు. నగరంలో మనం చేయాల్సిందీ అదే.

నేను ఉండేది తొమ్మిదో అంతస్తులో. కీళ్ళ జబ్బు వల్ల కొండలెక్కలేను, చలిలో ఎక్కువసేపు నిలబడలేను. నాలుగేళ్ళుగా, ఆకాశం తేటగా ఉన్న ప్రతి సాయంత్రం అదే కుర్చీలో కూర్చుని, సూర్యుడు దిగిన చోట కిటికీ అద్దం మీద చిన్న గీత పెడుతున్నాను. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు రోజుల్లో గీతలు ఎడంగా, చకచకా జరిగిపోతాయి. అయనాంతం దగ్గరపడే కొద్దీ ఒకదాని మీద ఒకటి పడతాయి. సూర్యుడు ఆగి వెనక్కి తిరగడమంటే ఏమిటో ఎదుటి భవనం మీది నీళ్ళ ట్యాంకు నాకు నేర్పింది. ఎత్తైన భవనాల అంచుల మీద లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ పెరిగ్రిన్ డేగలు గూళ్ళు పెడుతున్నాయి. వాటి కళ్ళకు అది కొండచరియ. లండన్ వీధుల కింద ఫ్లీట్ నది ఇప్పటికీ గొట్టాల్లో పారుతూనే ఉంది. దాన్ని పూడ్చిపెట్టింది మనం. కనీసం పేరు పెట్టి పిలిచే బాధ్యత మనకు లేదా?

ఇంకో మాట. తెర తీసేస్తే నాలాంటివాళ్ళు ఏ వలయంలోనూ ఉండరు.

కొలిమి:
సర్వర్లను నడిపించడం నా ఉద్యోగం. 1994లోనే మార్క్ పెస్సీ శాన్ ఫ్రాన్సిస్కోలో కంప్యూటర్లనే క్రతువులో భాగం చేసి సావిన్ జరిపారు. ఇంటర్నెట్‌లో మూడు కొలతల లోకాలను చూపించే వీఆర్ఎంఎల్ రూపకర్తల్లో ఆయన ఒకరు. కాబట్టి ఈ వాదన 30 ఏళ్ళ నాటిది.

నన్ను కలవరపెట్టేది మరొకటి. మనవాళ్ళు ఇంటర్నెట్‌ను గాలి తత్త్వం అంటారు, బరువే లేనట్టు. రాత్రంతా ఆ యంత్రాల వేడి మధ్య నిలబడి చూడండి. గనుల రాగి, లిథియం, ఇసుకలోంచి తీసిన సిలికాన్. చాలాచోట్ల వాటిని చల్లబరచడానికి నీళ్ళు. మన వీడియో వలయం కూడా భూమి శరీరంలోంచి తీసిందే. అందుకే నా పీఠం మీద పాత ఫోనును ఉత్తరాన, భూమి దిక్కున పెట్టాను. అది పూర్తిగా పాడయ్యే వరకు కొత్తది కొననని దాని ముందే మాట ఇచ్చాను. కృత్రిమ మేధతో ఆవాహన రాయించుకోవడం మాత్రం ససేమిరా ఒప్పుకోను. దేవతను పిలవడానికి మనకే మాటలు దొరక్క తడబడటం కూడా ప్రార్థనలో భాగమే.

పచ్చిక:
తొమ్మిదో అంతస్తు గారూ, మీ గీతల సంగతి చదివి చాలాసేపు ఆగిపోయాను. నాకు అడవి అందుబాటులో ఉంది, కానీ అంత ఓపికగా నేనెప్పుడూ చూడలేదు. చరిత్ర విషయంలోనూ మీదే పైచేయి.

తెర విషయంలో మాత్రం పూర్తిగా లొంగను. 2020లో ఇంగ్లండ్‌లోని ప్రాచీన శిలావలయం స్టోన్‌హెంజ్ దగ్గర వేసవి అయనాంతపు సమావేశం రద్దయితే, దాన్ని చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ సూర్యోదయాన్ని ప్రత్యక్ష ప్రసారం చేసింది. నేనూ చూశాను, కన్నీళ్ళు కూడా వచ్చాయి. తీరా చూస్తే మా కిటికీ బయట కూడా తెల్లవారిపోయింది, నేను గమనించనే లేదు. మీరు అద్దంలోంచి సూర్యుణ్ణి చూస్తున్నారు. నేను ఆ రోజు తెరను చూస్తూ సూర్యుణ్ణి పోగొట్టుకున్నాను. నెలవంక గారు తెర మీద కలుస్తామంటే కలవనివ్వండి. కానీ ముందు ఒక్కొక్కరూ బయటికి చూడాలి, వీలైనవారు బయటికి వెళ్ళాలి.

నెలవంక:
అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ మా వాళ్ళకు చదివి వినిపించాను. సావిన్ రోజు ఎవరి ఊళ్ళో వారు పొద్దు గుంకే వేళ ఒక గంట బయట ఉంటాం, కదలలేని వారు కిటికీ దగ్గర. అక్కడి మట్టో, నీళ్ళో చిటికెడు తెచ్చుకుంటాం. ఆ తర్వాతే కాల్. కెమెరాలు ఆపేస్తాం, మైకులు మాత్రం చివరిదాకా తెరిచే ఉంటాయి. ఎవరు ఏడ్చినా తొమ్మిది మందికీ వినిపిస్తుంది.

అభ్యంతరం చెప్పిన ఇద్దరిలో ఒకరు సరేనన్నారు. రెండో ఆమె ఇంకా ఒప్పుకోలేదు. ఈ ఏడాది ఆమె తల్లి పోయారు. నేను రైలెక్కి ఆమె దగ్గరికి వెళ్తున్నాను. ఆ రాత్రి ఇద్దరం ఒకే ఫోను ముందు కూర్చుంటాం.