30 పడకల ఆసుపత్రి కడుతున్నారు, ఇంజనీరుకి ఏం చెప్పమంటారు?

వంశధార ఒడ్డు (గుణుపురం)
అందరికీ నమస్కారం. మా దగ్గర కొందరు పెద్దలు కలిసి 30 పడకల ఆసుపత్రి కడుతున్నారు. పునాదులు పడ్డాయి, గోడలు ఇంకా లేవలేదు. కమిటీలో నన్నూ వేశారు. నేను డాక్టర్నీ కాదు, ఇంజనీర్నీ కాదు, నాది ఎరువుల కొట్టు. పోయినేడు మా నాన్నని తీసుకుని పదకొండు రోజులు ఒక పెద్దాసుపత్రిలో ఉన్నాను. వచ్చాక ఆ పదకొండు రోజుల కథ ఊరందరికీ చెప్పి విసిగించాను. "అంత తెలిసినవాడివి, నువ్వే రా" అన్నారు. అదీ నా అర్హత.

వైద్యానికి వంక పెట్టను, నాన్న నడుచుకుంటూ ఇంటికొచ్చారు. నా గొడవంతా ఆ బిల్డింగుతోనే. మొదటిరోజు ఎక్స్‌రే గది కోసం నలభై నిమిషాలు తిరిగాం. బోర్డులన్నీ ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి. నాకు ఒడియా మాట వచ్చు, అక్షరం రాదు. నాన్నకి ఏదీ రాదు. ఎవరినడిగినా "సిధా, తాపరె బాఁ" అంటారు. తిన్నగా వెళ్తే ఎడమ వైపు మూడు దారులున్నాయి.

రాత్రయితే నాన్న కళ్లలోకి ట్యూబ్‌లైటు. ఆపితే వార్డు మొత్తం చీకటి, ఎందుకంటే అన్నిటికీ స్విచ్ ఒకటే. నా పడక మంచం కింద పేపరు మీద. మూడోరోజు తెల్లారగట్ల నాన్న బాత్రూంలో కళ్లు తిరిగి పడిపోయారు. తలుపు లోపలికి తెరుచుకునేది, ఆయన దానికి అడ్డంగా పడ్డారు. తోస్తే ఆయనకే తగులుతోంది. చివరికి పక్క బెడ్డు తాలూకు సన్నటి కుర్రాడు వెంటిలేటర్ (గోడ పైన ఉండే చిన్న కిటికీ) సందులోంచి దూరి లోపలికి దిగాడు. ఆ పది నిమిషాలు తల్చుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ప్లాను వచ్చే పదో తారీఖుకి ఖాయం చేస్తారట. మీరు రోగిగా, తోడుగా, స్టాఫుగా చూసినవి చెప్పండి. ఆసుపత్రుల పేర్లు వద్దు.

పాత సిస్టర్ (బరంపురం)
బాబూ, ముందు ఆ తలుపు సంగతే చూడు. నేను 31 ఏళ్లు వార్డుల్లో పనిచేశాను, ఇలా ఇరుక్కున్న వాళ్లని ఎంతమందిని బయటికి లాగామో లెక్కలేదు. బాత్రూం తలుపు బయటికే తెరుచుకోవాలి. గొళ్లెం లోపల వేసినా, బయట నుంచి ఒక రూపాయి బిళ్ల పెట్టి తిప్పితే వచ్చేది దొరుకుతుంది, అదే పెట్టించు. కమోడ్ పక్కన గోడకి కడ్డీ ఉండాలి. అదేదో తువ్వాలు ఆరేసుకునే రాడ్డు కాదు, మనిషి బరువు మోసేది. పిలుపు గంటకి తాడు కట్టి నేల దాకా వేలాడదీయండి. పడిపోయినవాడు లేచి స్విచ్ నొక్కలేడు కదా.

లైటు గురించి నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మంచానికో లైటు, దాని స్విచ్ రోగి చేతికందాలి. నడిచే దారికి మోకాలి ఎత్తులో చిన్న దీపాలు చాలు. ఇంజెక్షన్‌కి మాకు వెలుతురు కావాలి, అది ఆ ఒక్క బెడ్డు మీద వేసుకుంటాం. ఒకడికి సెలైన్ మార్చడానికి ఇరవై మందిని లేపడం నాకూ ఇష్టముండేది కాదు.

చేతులు కడుక్కునే బేసిన్ వార్డు గుమ్మంలోనే పెట్టండి. మూలన పెడితే డాక్టరు గారు కూడా కడగరు. ఇది నేను చూసిన మాట.

ఇటుక-ఇసుక (రాయగడ)
కాంట్రాక్టరుగా నాదొక మాట. సిస్టర్ గారు చెప్పినట్టు తలుపు బయటికి పెడితే సన్న కారిడార్‌లో వచ్చేపోయేవాళ్ల మొహానికి కొడుతుంది. కాబట్టి తలుపు ఉన్నచోట గోడని రెండున్నర అడుగులు లోపలికి జరపాలి. ఇప్పుడైతే కాగితం మీద గీత, గోడ లేచాక అదే పెద్ద ఖర్చు. కారిడార్ 2.4 మీటర్లకి, అంటే ఎనిమిది అడుగులకి, తగ్గనివ్వకండి. రెండు స్ట్రెచర్లు ఎదురెదురుగా రావాలంటే అది కావాలి.

మేడ వేస్తున్నారా? అయితే ర్యాంపు లెక్క ఇప్పుడే అడగండి. చక్రాల కుర్చీకి 1:12 వాలు, అంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. అంతస్తు పన్నెండు అడుగులైతే ర్యాంపు 144 అడుగులు, మధ్యలో మలుపుల దగ్గర చదును జాగా అదనం. చాలామంది స్థలం లేదని నిటారుగా కట్టేస్తారు. దాని మీద రోగిని దింపుతుంటే నలుగురు వెనక్కి లాగి పట్టుకోవాలి. 30 పడకలకి స్థలం ఉంటే మేడే వద్దంటాను, అన్నీ కిందే పరచండి.

ఇంకోటి. ముందు మెట్లకి నున్నటి గ్రానైట్ వేయిస్తామంటారు మీ కమిటీవాళ్లు, రాసి పెట్టుకోండి. మన దగ్గర వానాకాలం తెలిసిందేగా, దాని మీద ఆరోగ్యంగా ఉన్నవాడే జారతాడు.

బరంపురం బాబాయ్
ముందు అందులో డాక్టరు ఉంటాడా, లేదా అది చెప్పండి. తర్వాత గొళ్లెం సంగతి చూద్దాం 😄

వంశధార ఒడ్డు
బాబాయ్, ఇద్దరితో మాట్లాడారు, ఒకాయన ఒప్పుకున్నారు. ఆ చర్చకి వేరే దారం పెట్టుకుందాం, ఇక్కడ గోడలే.

పర్లాకిమిడి మాష్టారు
ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడి పేరు తెస్తారు, నేనే తెస్తాను. 1984లో సైన్స్ పత్రికలో ఆయన అధ్యయనం వచ్చింది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు తీసి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు సగటున 8 రోజులకి కాస్త ముందే ఇంటికెళ్లారు. ఇటుక గోడ కనిపించినవాళ్లకి 8.7 రోజులు పట్టింది. చెట్లు కనిపించినవాళ్లు గట్టి నొప్పి మందులు కూడా తక్కువ వాడారు. 46 మంది చిన్న లెక్కే, వేపచెట్టు నాటితే రోగం కుదురుతుందని నేను పాఠం చెప్పను. కానీ కిటికీ ఎటూ పెడుతున్నారు కదా, దాన్ని జనరేటర్ షెడ్డు వైపు కాకుండా చెట్టు వైపు పెట్టడానికి అదనంగా పైసా అక్కర్లేదు. చాలామంది కిటికీ గట్టు ఎత్తు పెంచేస్తారు. పడుకున్నవాడికి బయట కనిపించేలా గట్టు కిందికి ఉండాలి.

ఇక బోర్డుల సంగతి. మీరు తెలుగు కూడా రాయించండి అంటారు, నేనూ అంటాను. కానీ గుణుపురం ఆసుపత్రికి కొండల మీంచి సవరలు వస్తారు. వాళ్ల భాషకి 1936లో మంగయి గొమాంగో లిపి చేశాడు. అయినా ఏ లిపీ చదవనివాళ్లే ఎక్కువమంది వస్తారు. వాళ్లకి నాలుగు భాషల బోర్డు కన్నా నేల మీద గీసిన రంగు గీత మేలు. ఓపీ చీటీ మీద పచ్చ చుక్క పెట్టి, "పచ్చగీత పట్టుకుని వెళ్లు, ఎక్స్‌రే వస్తుంది" అని చెప్తే ఎవరైనా వెళ్తారు. గదికి అంకె, దాని పక్కన బొమ్మ వేయించండి. ఏనుగు వార్డు, నెమలి వార్డు అంటే ముసలమ్మకి కూడా గుర్తుంటుంది. నేను బడిలో తరగతి గదులకి ఇలాగే చేశాను, ఒకటో తరగతి పిల్లలు తప్పిపోవడం ఆగింది.

సిరొంచ సీను
అన్నా, మాది గోదావరి ఇవతల, మహారాష్ట్ర. మా జిల్లాలో మీరు చూడాల్సిన ఆసుపత్రి ఒకటి ఉంది. గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు 1986లో 'సెర్చ్' అనే సంస్థ పెట్టారు. శోధగ్రామ్‌లో ఆసుపత్రి కట్టేముందు గోండు వాళ్లనే అడిగారట, మీరు ఆసుపత్రికి ఎందుకు రారు అని. పెద్ద బిల్డింగు చూస్తే భయం, లోపల దారి తప్పుతాం, మా వాళ్లని పక్కన ఉండనియ్యరు అన్నారట. ఇంకో మాట కూడా అన్నారు: శవానికి తెల్లబట్ట చుడతాం, మీ డాక్టర్లు, నర్సులు తెల్లబట్టల్లోనే ఉంటారు అని. దాంతో ఊరిలాగా గుడిసెలు గుడిసెలుగా కట్టారు, రోగితో ఇంట్లోవాళ్లు ఉండొచ్చు. ఆసుపత్రికి పేరు కూడా వాళ్ల దేవత పేరే, 'మా (అమ్మ) దంతేశ్వరి'.

మా అత్తమ్మని నేను వేరే ఊళ్లో పెద్దదాంట్లో చేర్పించిన. అక్కడ లిఫ్ట్ చూసి ఎక్కనంటే ఎక్కనన్నది, మూడంతస్తులు మోసినం. అప్పుడు నాకు ఈ గుడిసెల సంగతి గుర్తొచ్చింది.

పాత సిస్టర్ (బరంపురం)
సీనూ, ఆ ఆలోచన గొప్పదే, కాదనను. కానీ ఇంటిల్లిపాదీ వార్డులో ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. మంచానికి ఐదుగురు, అక్కడే తినడం, అక్కడే దగ్గడం. ఆపరేషన్ అయినవాడి పక్కన జలుబు పిల్లాడు. వాళ్లని బయటికి పంపుతుంటే నన్ను రాక్షసిలా చూసేవారు. బయటికి పంపితే ఎక్కడికెళ్తారు? మెట్ల మీదకి. అందుకే వార్డుకి కనబడేంత దూరంలో తోడొచ్చినవాళ్లకి విడిగా షెడ్డు కట్టండి. నీళ్లు, రెండు మరుగుదొడ్లు, అన్నం వండుకునే అరుగు, ఫోన్ చార్జింగ్ ప్లగ్గులు చాలు. ప్లగ్గులు వార్డులో పెడితే సెలైన్ పంపు పీకేసి ఫోన్ పెడతారు, నవ్వకండి. రోగి దగ్గర ఒక్కరుండాలి, వాళ్లకి మంచం కింద నుంచి లాగే బల్ల. నేల మీద ఎవరూ పడుకోకూడదు, రాత్రి పరిగెత్తేటప్పుడు కాళ్లకి తగులుతారు.

కిటికీల గురించి మాష్టారు చెట్టు చూపించారు, నేను గాలి చూపిస్తాను. దగ్గు రోగులుండే గదికి రెండు వైపులా ఎదురెదురు కిటికీలుండాలి, ఎత్తు పైకప్పు ఉండాలి. ఒక్క వైపే ఉంటే గాలి ఆడదు.

ఇటుక-ఇసుక (రాయగడ)
సిస్టర్ గారి గాలి మాటకి లెక్క ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన సూచనల్లో మామూలు వార్డుకి రోగికి సెకనుకి 60 లీటర్ల గాలి, గాలి ద్వారా అంటుకునే జబ్బులున్న గదికి 160 లీటర్లు అన్నారు. పెరూలో లీమా ఆసుపత్రులని కొలిచి 2007లో అచ్చువేసిన అధ్యయనం ఒకటుంది. ఎత్తు కప్పు, పెద్ద కిటికీలున్న పాతకాలం వార్డుల్లోనే కొత్తవాటికన్నా గాలి బాగా ఆడిందని తేలింది. మనవాళ్లేమో కప్పు తొమ్మిదిన్నర అడుగులకి దించి, సీలింగ్ కొట్టి, ఏసీ పెట్టి కిటికీలకి మేకులు కొడతారు. కరెంటు పోతే ఇక చూస్కోండి. కిటికీలకి దోమల మెష్ మర్చిపోవద్దు, మలేరియా ఉన్న చోట కిటికీ తెరవమంటే తెరవరు. మెష్ విడిగా తీసి కడిగేలా ఉండాలి, దుమ్ము పట్టిన మెష్‌కీ గోడకీ తేడా లేదు.

జైపూరు కోడలు
కాన్పుల గది గురించి ఎవరూ రాయలేదు, అందరూ మగవాళ్లేనేమో (సిస్టర్ గారు తప్ప). నాకు కాన్పు అయిన చోట బల్లకి నేరుగా తలుపు ఎదురుగా ఉంది. తలుపు తెరిచిన ప్రతిసారీ వరండాలో నించున్న జనం కనిపించేవారు. తెర ఉంది, కానీ ఆయాలు వస్తూ పోతూ దాన్ని పక్కకి నెట్టేసేవారు. బల్లని తొంభై డిగ్రీలు తిప్పి వేస్తే ఆ కష్టం ఉండేది కాదు. మీ ప్లానులో కాన్పుల గదిలో బల్ల ఎటు చూస్తుందో ఒకసారి వేలు పెట్టి అడగండి.

ఒడిశాలో 'మా గృహ' అని ఉంటాయి. మారుమూల ఊళ్ల గర్భిణులు నొప్పులు రాకముందే వచ్చి ఆసుపత్రి దగ్గర ఉండే ఇళ్లు. మీది అలాంటి కొండ ఊళ్లకి దగ్గరే కాబట్టి ఒకటో రెండో గదులు దానికి అనుకోండి. వాగు పొంగిన రోజున తేడా తెలుస్తుంది.

ఒక మాట అడగనా? బిల్డింగు ఎంత బాగా కట్టినా బాత్రూం కడిగేది ఎవరు, రోజుకి ఎన్నిసార్లు, నీళ్లు ఎన్ని గంటలకి వదులుతారు, ఇది ఎవరు చూస్తారు?

పాత సిస్టర్ (బరంపురం)
తల్లీ, అసలు ప్రశ్న అడిగావు. నేను చూసిన వాటిలో కొత్తగా ఉన్న బాత్రూం ఆరు నెలల్లో పోయింది, ముప్ఫై ఏళ్ల పాతది బాగుంది. పాతదానికి తలుపు మీద కాగితం ఉండేది, కడిగిన ఆయా గంట వేసి సంతకం పెట్టేది, ఇంచార్జి సిస్టర్ చూసి సంతకం పెట్టేది. కేంద్రం 2015లో కాయకల్ప్ అని పెట్టాక పెద్దాసుపత్రులకి శుభ్రత మార్కులు కూడా వస్తున్నాయి. మీది ట్రస్టుదే అయినా ఆ పట్టిక తెచ్చుకోండి. ఇంకో చిట్కా: కడిగే చీపురు, బకెట్టు, ఫినాయిలు పెట్టుకోడానికి ప్రతి వార్డు పక్కన చిన్న గది, అందులో ఒక కుళాయి ఉండాలి. అది లేకే బకెట్లు మెట్ల కింద ఉంటాయి, ఆ అమ్మాయి నీళ్ల కోసం రెండు అంతస్తులు తిరుగుతుంది, రెండోసారి కడగదు. దాన్ని తిట్టి లాభం లేదు.

అలాగే ట్రాలీ చక్రాలకి రబ్బరు వేయించండి. రాత్రి రెండు గంటలకి ఇనప చక్రం గరగరలాడితే మందుకన్నా ముందు మెలకువ వస్తుంది.

పర్లాకిమిడి మాష్టారు
చప్పుడంటే గుర్తొచ్చింది. మన చట్టంలోనే ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించొచ్చని, అక్కడ చప్పుడు పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ మించకూడదని ఉంది. మీ స్థలం మెయిన్ రోడ్డు మీదా? అయితే వార్డులు వెనక, ఓపీ, మందుల కొట్టు ముందు పెట్టమనండి. బస్సుల హారన్ని ఆపలేం, అది ఎవరి చెవిలో పడాలో మాత్రం మనమే ఎంచుకోగలం.

వంశధార ఒడ్డు
నిన్న కమిటీ అయింది. మీరు రాసినవి ప్రింటు తీసి తీసుకెళ్లాను, పదకొండు పేజీలయ్యాయి.

బాత్రూం తలుపులకి ఇంజనీరు గారు వెంటనే ఒప్పుకున్నారు, గోడ లోపలికి జరిపి గీశారు కూడా. మేడ ఆలోచన పోయింది, అంతా కిందే. నేల గీతల మాట వినగానే నవ్వారు, తర్వాత మాష్టారి ఓపీ చీటీ చుక్క సంగతి చెప్తే ఊరుకున్నారు, అవి వేస్తారు. కాన్పుల బల్ల దగ్గర పెద్ద నిశ్శబ్దం. ఎవరూ చూసుకోలేదు, నిజంగానే తలుపు ఎదురుగా ఉంది. తిప్పేశారు. 'మా గృహ'కి గది ఒకటి దొరికింది.

గొడవ వచ్చింది షెడ్డు దగ్గర. అది కట్టాలంటే ముందు పోర్టికో, గ్రానైట్ మెట్లు తగ్గించాలి. రాయగడ అన్నగారు చెప్పినట్టే గ్రానైట్ ఉంది! పెద్దాయన ఒకరు "ముందు చూడ్డానికి ఆసుపత్రిలా ఉండాలి కదా, ధర్మసత్రంలా ఉంటే ఎలా" అన్నారు. నేను నాన్నని తీసుకెళ్లలేదు గానీ, తీసుకెళ్లి ఉంటే ఆయనే సమాధానం చెప్పేవారు. షెడ్డు వచ్చే మీటింగుకి వాయిదా పడింది. మెట్లకి గరుకు రాయి వేయడానికి మాత్రం ఒప్పించాను.

సిస్టర్ గారూ, బయట నుంచి బిళ్లతో తిప్పే ఆ గొళ్లెం ఇక్కడ కొట్లలో అడిగితే ఎవరికీ అర్థం కావట్లేదు. ఫోటో ఉంటే పెట్టగలరా?

పాత సిస్టర్ (బరంపురం)
మా ఇంటి బాత్రూంకి అదే ఉంది బాబూ, రిటైరయ్యాక పెట్టించుకున్నాను. మనవడు బడి నుంచి రాగానే తీయించి పెడతాను. కొలత కూడా చెప్తాను, తలుపు మందం చూసుకుని కొనాలి.

ఇటుక-ఇసుక (రాయగడ)
ఫోటో పెట్టండి మేడమ్, నాక్కూడా కావాలి. షెడ్డుకి అంచనా వేసి పంపుతాను గురూ, రేకుల కప్పుతో వేస్తే పోర్టికో ఖర్చులో సగం కూడా అవదేమో చూద్దాం. జాగా కొలతలు పెట్టు.