థీటా ఫంక్షన్ అంటే సిరీస్ కదా, వెక్టర్ బండిల్స్ దగ్గర అదెలా వచ్చింది?

ప్రశ్న (శ్రీకాకుళం, ఎమ్మెస్సీ విద్యార్థిని)

మాస్టార్లూ, జాకోబియన్ (కర్వ్ మీది డిగ్రీ 0 లైన్ బండిల్స్ అన్నీ కలిసిన స్పేస్) మీద రీమాన్ థీటా వరకు బాగానే ఉంది, సిరీస్ కన్వర్జ్ అవడం, లాటిస్‌లో జరిపితే ఎక్స్‌పొనెన్షియల్ ఒకటి బయటికి రావడం అన్నీ కాగితం మీద చేసి చూశాను. ర్యాంక్ 2 వెక్టర్ బండిల్స్ (కర్వ్ మీద ప్రతి బిందువు దగ్గర 2 డైమెన్షన్ల వెక్టర్ స్పేస్) మాడ్యులై స్పేస్, అంటే ఒక్కో బండిల్‌నీ ఒక్కో బిందువుగా చూపే స్పేస్ దగ్గర మాత్రం సిరీసూ లేదు, లాటిసూ లేదు, అయినా నాన్-అబీలియన్ థీటా ఫంక్షన్లు అంటున్నారు. దేన్ని చూసి? సెమినార్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (విజయనగరం, లెక్చరర్)

అమ్మా, సిరీస్‌ని పక్కన పెట్టి అది ఎక్కడ సున్నా అవుతుందో చూడు. కర్వ్ జీనస్ (రంధ్రాల సంఖ్య) 2 అనుకో. డిగ్రీ 1 లైన్ బండిల్స్‌లో సున్నా కాని సెక్షన్ ఉన్నవే థీటా డివైజర్ (డివైజర్ అంటే ఒక డైమెన్షన్ తక్కువ ఉండే భాగం), ఇది రీమాన్ సిద్ధాంతం. డిగ్రీ 1 బండిల్‌కి సెక్షన్ ఉందంటే అది కర్వ్ మీద ఒక బిందువు నుంచి వచ్చినట్టే, అంటే ఇక్కడ థీటా డివైజర్ మన కర్వే.

ఇప్పుడు డిటర్మినెంట్ ట్రివియల్ అయిన ర్యాంక్ 2 సెమీస్టేబుల్ బండిల్ (లోపలి ఏ లైన్ బండిల్ డిగ్రీ కూడా 0 దాటనిది) తీసుకుని, ఏ డిగ్రీ 1 లైన్ బండిల్‌తో టెన్సర్ చేస్తే సెక్షన్ వస్తుందో అడుగు. రీమాన్-రాక్ ప్రకారం ఆయిలర్ క్యారెక్టరిస్టిక్ సున్నా కాబట్టి మామూలుగా రాదు, వచ్చేచోట్లన్నీ కలిసి 2థీటా తరగతిలో ఒక డివైజర్ అవుతాయి. ఆ తరగతికి సెక్షన్లు 4, అంటే డివైజర్లన్నీ కలిసి 3 డైమెన్షన్ల ప్రొజెక్టివ్ స్పేస్. మాడ్యులై స్పేస్ సరిగ్గా అదేనని నరసింహన్, రామనన్ 1969లో చూపించారు, నాకు ఈ విషయంలో ఇంతకంటే అందమైన ఫలితం లేదు! బండిల్ ఒక లైన్ బండిల్, దాని ఇన్వర్స్‌ల మొత్తమైతే డివైజర్ రెండు కర్వ్‌లుగా విడిపోతుంది, అలాంటి బండిల్స్ అన్నీ కలిసి ఆ ప్రొజెక్టివ్ స్పేస్‌లో కుమ్మర్ సర్ఫేస్ అనే సర్ఫేస్ అవుతాయి. ఆ రెండూ ఒకటైపోయే 16 చోట్ల దాని 16 నోడ్లు (మొనలాంటి బిందువులు).

అదే షరతుని లైన్ బండిల్‌ని కదపకుండా చూస్తే మాడ్యులై స్పేస్ మీద డివైజర్ వస్తుంది, దాని లైన్ బండిల్ పవర్లకి సెక్షన్లే నువ్వడిగిన థీటాలు, ఎన్నో పవరో అదే లెవెల్. ఆదివారం వీలైతే ఆమదాలవలసలో ప్యాసింజర్ ఎక్కి వచ్చెయ్, బోర్డు మీద చెప్తాను.

జవాబు 2

మాస్టారు చెప్పింది ర్యాంక్ 2కి నిశ్చింతగా నడుస్తుంది. ర్యాంక్ బాగా పెరిగితే ఏ లైన్ బండిల్‌తో టెన్సర్ చేసినా సెక్షన్ ఉండే సెమీస్టేబుల్ బండిల్స్ ఉన్నాయని రేనో 1982లో చూపించాడు, వాటికి డివైజరే ఉండదు. సెమినార్‌లో ఈ మాట తప్పకుండా చెప్పు.

ఇంకోటి, లెవెల్ 2లో సెక్షన్లు లెక్కపెట్టు. జీనస్ 2, ర్యాంక్ 2కి వెర్లిండే ఫార్ములాలో (ఈ సెక్షన్ల సంఖ్య చెప్పేది) 2ని 45, 90, 135 డిగ్రీల దగ్గర 1/సైన్ స్క్వేర్‌ల, అంటే 2, 1, 2ల మొత్తంతో గుణిస్తే 10. మాడ్యులై స్పేస్ 3 డైమెన్షన్ల ప్రొజెక్టివ్ స్పేసే కాబట్టి 4 వేరియబుల్స్‌లో డిగ్రీ 2 పాలినోమియల్స్, అంటే క్వాడ్రిక్‌లతో పోల్చు, అవి కూడా 10.

ప్రశ్న అడిగినామె

మాస్టారూ, లెవెల్ 3 కూడా చేశాను, 5/2 ఇంటూ 8, అంటే 20, క్యూబిక్‌లూ 20 వచ్చాయి. ఏ లెవెల్‌కైనా, లెవెల్ ప్లస్ 2ని ఎన్ అనుకుంటే, ఆ 1/సైన్ స్క్వేర్‌ల మొత్తం ఎన్ స్క్వేర్‌లోంచి 1 తీసేసి మొత్తాన్ని 3తో భాగిస్తే వచ్చేది, దాన్ని ఎన్ బై 2తో గుణిస్తే 4 వేరియబుల్స్‌లో ఆ డిగ్రీ పాలినోమియల్స్ లెక్కే వచ్చేస్తోంది. ఆదివారం వస్తున్నాను.