కీట్స్ పద్యంలో ‘స్టిల్’ తర్వాత కామా ఉందా?

పాతనోట్సు:
ఇంగ్లీషు కొత్తగా నేర్చుకుంటున్న ఒకబ్బాయికి ‘స్టిల్ అంటే ఇంకా, యెట్ అన్నా ఇంకా’ అని చెప్పాను. మర్నాడు ‘హి స్టిల్ డిడ్ నాట్ కమ్ యెట్’ అని రాసుకొచ్చాడు. రెండిటికీ ఇంకా అనే అన్నారు, ఏది పెట్టాలో తెలీక రెండూ పెట్టాను అన్నాడు. నవ్వొచ్చింది గానీ తిన్నగా జవాబు చెప్పలేకపోయాను. రాత్రి పడుకున్నాక డిగ్రీలో చదివిన ఇంగ్లీషు కవి కీట్స్ పాదం ఒకటి బుర్రలో తిరగడం మొదలైంది. ‘దౌ స్టిల్... బ్రైడ్ ఆఫ్ క్వయట్‌నెస్’. మధ్యలో ఇంకో మాట ఉంది. స్టిల్ తర్వాత కామా ఉన్నట్టు గుర్తు. ఉందా? ఉంటే అక్కడ ‘ఇంకా’ కుదరదు కదా?

అరసున్న:
మధ్యలోది ‘అన్‌రావిష్డ్’. గ్రీకు కూజా గురించి కీట్స్ రాసిన ‘ఓడ్ ఆన్ ఎ గ్రీషియన్ అర్న్’కి అది మొదటి పాదం. కామా లేదండీ. 1820 జులైలో వచ్చిన కీట్స్ పుస్తకంలో ఆ పాదం ఏ అడ్డూ లేకుండా సాగుతుంది. ఇంకా కన్యగానే ఉన్న వధువు. మీరు పిల్లాడికి చెప్పిన ‘ఇంకా’నే.

బండి ర:
కామా ఉంది. పుస్తకం కంటే ముందు అదే ఏడాది ‘అన్నల్స్ ఆఫ్ ది ఫైన్ ఆర్ట్స్’ అనే పత్రికలో అచ్చయింది. అక్కడ స్టిల్ తర్వాత శుభ్రంగా కామా వేశారు. అప్పుడది విశేషణం. కదలక మెదలక ఉన్న వధువు. పాతనోట్సు గారి జ్ఞాపకం తప్పు కాదు.

అరసున్న:
పత్రికవాళ్ల కామా కీట్స్ కామా ఎలా అవుతుంది మాస్టారూ?

బండి ర:
పుస్తకంలో తీసేసింది కీట్సేనని మీకెవరు చెప్పారు? ఆయన చేత్తో రాసిన ప్రతి దొరకనే లేదు. ఉన్నవి తమ్ముడు జార్జ్, స్నేహితులు ఎత్తి రాసుకున్నవి.

ఉత్పలమాల:
కామా సంగతి పక్కన పెట్టి పాదాన్ని పైకి చదవండి. పది అక్షరాలు. రెండోదాని మీద ఊనిక, అది స్టిలే. ‘అన్‌రావిష్డ్’ని మూడక్షరాలుగా బిగించడానికే అచ్చులో ‘ఈ’ తీసేసి పైన గుర్తు పెట్టారు. గొంతు ఎలాగూ స్టిల్ మీద ఆగుతుంది, కామా ఉన్నా లేకపోయినా. మన పద్యాల్లో కామాలు ఎక్కడివి? ఎక్కడ విరిస్తే ఏ అర్థమో చదివేవాడే చూసుకోవాలి. రాఘవపాండవీయం అంతా ఆ సందులోంచే నడిచింది. ఒకే పద్యంలో సూరన రామాయణం, భారతం రెండూ చెప్పగా లేనిది, కీట్స్ ఒక మాటలో రెండర్థాలు పెడితే ఒకటి తీసేయమంటారేం?

అరసున్న:
శ్లేష అంటే ఏ వాదమైనా ముగిసిపోతుంది, అదే దాంతో ఇబ్బంది. అసలు పద్యంలోనే చూడండి. ‘క్వయట్‌నెస్’ ఉంది, రెండో పాదంలో ‘సైలెన్స్’ ఉంది. మళ్లీ స్టిల్ కూడా నిశ్చలం, నిశ్శబ్దం అయితే ఒకే మాట మూడుసార్లు అన్నట్టు. పైగా మూడో చరణంలో స్టిల్ ఇంకోసారి వస్తుంది: ‘ఫరెవర్ వార్మ్ అండ్ స్టిల్ టు బి ఎంజాయ్డ్’. అక్కడ ‘ఇంకా’ తప్ప వేరే దారి లేదు.

ఉత్పలమాల:
ఎందుకు లేదు? ‘ఎప్పటికీ’ పెట్టి చూడండి. పక్కనే ‘ఫరెవర్’ ఉందిగా. షేక్‌స్పియర్‌లో స్టిల్ అంటే చాలాచోట్ల ‘ఎప్పుడూ’నే. హామ్లెట్‌లో రాజు తన మంత్రి పొలోనియస్‌తో ‘దౌ స్టిల్ హాస్ట్ బీన్ ద ఫాదర్ ఆఫ్ గుడ్ న్యూస్’ అంటాడు. నువ్వెప్పుడూ మంచి కబురే తెస్తావని. ఇంకా తెస్తున్నావా అని కాదు. కీట్స్ షేక్‌స్పియర్‌లో మునిగి తేలినవాడు. ‘బ్రైట్ స్టార్’ పద్యాన్ని ఎత్తి రాసుకున్నదే షేక్‌స్పియర్ కవితల పుస్తకంలో, ఖాళీ పేజీలో. అందులోనూ ‘స్టిల్ స్టెడ్‌ఫాస్ట్, స్టిల్ అన్‌చేంజబుల్’. కదలకపోవడం, ఎప్పటికీ ఉండటం, ఇప్పటిదాకా ఉండటం, ఆ మాట నడిచొచ్చిన దారే అది.

బండి ర:
‘బ్రైట్ స్టార్’ మొదలుపెట్టారంటే ఇక ఈ రాత్రికి నిద్ర లేదు. అందులో ‘స్టిల్, స్టిల్ టు హియర్’ అని రెండుసార్లు వస్తుంది. మొదటి స్టిల్ తర్వాత కామా. ఊరికే గుర్తు చేస్తున్నాను.

చదువరి:
నాదొక ప్రతిపాదన. తెలుగులో ‘నిలిచిన’ అంటే రెండూ వస్తాయి. నిలిచిన నీరు కదలదు. నిలిచిన పేరు పోదు. ‘నిశ్శబ్దానికి కన్యగానే నిలిచిన వధువా’. కామా గొడవే ఉండదు.

బండి ర:
భలే! నిల్, స్టిల్. వినడానికే చుట్టాల్లా లేవూ? ముందు ఆ ‘స’కారం ఎక్కడినుంచి వచ్చి చేరిందో తేలిస్తే చాలు.

అరసున్న:
అయ్యా. నిలు ద్రావిడ ధాతువు, తమిళంలో నిల్, కన్నడంలో నిల్లు. స్టిల్ జర్మానిక్ మాట, జర్మన్‌లో ఇప్పటికీ అదే మాటకి నిశ్శబ్దం అని అర్థం. ప్రాస కుదిరిందని వియ్యం కలపకండి. అంత దూరం ఎందుకు, ఇంగ్లీషు లోపలే స్టిల్‌కి చుట్టం కాని స్టిల్ ఉంది. సారా బట్టీని స్టిల్ అంటారు. అది లాటిన్‌లో ‘బొట్టుబొట్టుగా కారు’ అనే మాట నుంచి వచ్చింది. డిస్టిల్డ్ వాటర్‌లో ఉన్నది అదే.

చదువరి:
నేను చుట్టరికం అనలేదు, అనువాదం అన్నాను. చుట్టరికం బండి ర గారిది. సరే, తెలుగు బైబిలు చూశారా? ఇంగ్లీషులో స్టిల్ ఉన్న మూడుచోట్ల తెలుగులో మూడు మాటలున్నాయి. ఏలీయా ప్రవక్తకి వినిపించింది ‘మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము’. ఇరవైమూడో కీర్తనలో ‘శాంతికరమైన జలములు’. నలభైఆరులో ‘ఊరకుండుడి’. నిమ్మళం ఎంత మంచి మాట, ఎవరూ వాడటం లేదు.

ఉత్పలమాల:
మంచి మాటే. కానీ హీబ్రూలో ఆ మూడూ వేర్వేరు మాటలు. ఇంగ్లీషువాళ్లు ఒకే స్టిల్‌తో సరిపెట్టారు, మనవాళ్లు సరిపెట్టలేదు. కాబట్టి అది స్టిల్‌కి అనువాదమని సాక్ష్యం తేకూడదు.

పాతనోట్సు:
అందరికీ దణ్ణం. ఆ అబ్బాయి వాక్యం మాటేమిటి?

చదువరి:
అది తేలికేనండీ. ‘హి హాజంట్ కమ్ యెట్’ అంటే ఊరికే సమాచారం. ‘హి స్టిల్ హాజంట్ కమ్’ అంటే విసుగు, ఈపాటికి రావాల్సింది అని. యెట్ చివర్లో, స్టిల్ ‘హాజంట్’కి ముందు. రెండూ ఒకే వాక్యంలో వద్దు. మనం మాట మార్చం, అచ్చు సాగదీస్తాం. ‘ఇంకా రాలేదు’ ఒకటి, ‘ఇంకాఆ రాలేదు’ ఇంకొకటి. విసుగంతా ఆ దీర్ఘంలో ఉంటుంది. రాతలో అది కనపడదు కాబట్టే పిల్లాడు తికమకపడ్డాడు. ‘స్టిల్ అంటే ఇప్పటికీ’ అని చెప్పి ఉంటే సగం టెన్షన్ తగ్గేది.

అరసున్న:
‘ఇప్పటికీ’ అన్నిచోట్లా పనిచేయదు. ‘స్టిల్ బిగ్గర్’ అంటే ఇంకా పెద్దది. ఇప్పటికీ పెద్దది అంటే వేరే అర్థం. అలాగని ఇంకా అన్నచోటల్లా స్టిల్ పెట్టలేం, ‘ఇంకా కావాలా’కి ‘మోర్’ అనాలి. స్టిల్ వాక్యం మొదట్లో కామాతో వస్తే ‘అయినా సరే’ అవుతుంది.

బండి ర:
చూశారా, మళ్లీ కామా.

చదువరి:
పిల్లలకి నేను చెప్పేది ఒక్క జత. ‘హి ఈజ్ స్టిల్ సిటింగ్’ అంటే ఇంకా కూర్చునే ఉన్నాడు. ‘హి ఈజ్ సిటింగ్ స్టిల్’ అంటే కదలకుండా కూర్చున్నాడు. మాట జరిగితే అర్థం జరుగుతుంది. ఇది పట్టుకుంటే మిగతావి వాళ్లే లాక్కొస్తారు.

ఉత్పలమాల:
కీట్స్ కూడా ఆ జతనే ఒక్కచోట కూర్చోబెట్టాడని నా మనవి. కూజా మీది బొమ్మలు కదలవు కాబట్టే ఇంకా అలాగే ఉన్నాయి. ఇరవైఐదేళ్లకి పోయాడు, 1821లో. సమాధి మీద తన పేరు వద్దన్నాడు, నీటి మీద రాసిన పేరు గలవాడు అని చెక్కించమన్నాడు. మనం నీటి మీద రాతలు అంటాం, అచ్చం అదే.

బండి ర:
నిలిచిన నీరు అయితే కాసేపు ఉండేదేమో.

పాతనోట్సు:
ఇవాళ అబ్బాయికి ఆ జత చెప్పాను. రెండు నిమిషాలు ఆలోచించి ‘హి ఈజ్ స్టిల్ సిటింగ్ స్టిల్’ అని రాశాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. కామా పెట్టాలా సార్ అని అడిగాడు.

బండి ర:
ఎక్కడ? మొదటి స్టిల్ తర్వాతా?