గ్రూపులో కిందికి వచ్చినా పరమాణువు పెరగదెందుకు?

ప్రశ్న:
నమస్కారం. ఆవర్తన పట్టికలోని ఒక గ్రూపులో (నిలువు వరుసలో) పై నుంచి కిందికి వచ్చే కొద్దీ ఒక్కో కర్పరం (ఎలక్ట్రాన్ల పొర) చేరుతుంది కనుక పరమాణు వ్యాసార్థం పెరుగుతుందని ఇంటర్ పుస్తకంలో ఉంది. లిథియం నుంచి సీజియం వరకు ఈ మాట చక్కగా సరిపోతోంది. కానీ అదే పుస్తకంలోని పట్టికల్లో అల్యూమినియానికి 143 పికోమీటర్లు, దాని కింది గాలియానికి 135 అని ఇచ్చారు. జిర్కోనియం 160 అయితే హాఫ్నియం 159. ఈ రెండింటికీ కారణం ఒక్కటేనా, వేరువేరా? పెద్దలు వివరించగలరు.

సమాధానం 1:
మూలం ఒక్కటే, పాత్రధారులు వేరు. పరమాణు సంఖ్యల మధ్య తేడాలను చూడండి. బోరాన్ నుంచి అల్యూమినియానికి కేంద్రకంలో 8 ప్రోటాన్లు పెరుగుతాయి. అల్యూమినియం నుంచి గాలియానికి ఏకంగా 18 పెరుగుతాయి. స్కాండియం మొదలు జింకు వరకు ఉన్న పది మూలకాలు మధ్యలో రావడమే ఇందుకు కారణం. ఆ పది ప్రోటాన్లకు జోడీగా చేరిన 3డి ఎలక్ట్రాన్లు (మూడో కర్పరంలోని డి రకపు ఎలక్ట్రాన్లు) కేంద్రకపు ఆకర్షణ బయటి ఎలక్ట్రాన్లను తాకకుండా అడ్డుకోవడంలో ఎస్, పి ఎలక్ట్రాన్ల కంటే చాలా బలహీనమైనవి కనుక, నాలుగో కర్పరం చేరినా అది లోపలికి లాగబడుతుంది.

ఇక జిర్కోనియం, హాఫ్నియంల సంగతి. ఎఫ్ ఎలక్ట్రాన్లు డి ఎలక్ట్రాన్ల కంటే కూడా తక్కువగా అడ్డుకుంటాయి. మూడో గ్రూపులో యిట్రియం 180, దాని కింద లాంథనం 187. అంటే అక్కడ పెరుగుదల మామూలుగానే ఉంది. లాంథనం దాటాక 4ఎఫ్ ఆర్బిటాళ్లలో 14 ఎలక్ట్రాన్లు నిండుతాయి. ఈ వరుసలో త్రిసంయోజక అయాను (మూడు ఎలక్ట్రాన్లు కోల్పోయిన పరమాణువు) వ్యాసార్థం 103 నుంచి 86 పికోమీటర్లకు కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. దీన్నే లాంథనైడ్ సంకోచం అంటారు. కొత్త కర్పరం వల్ల పెరగవలసినదంతా హాఫ్నియం దగ్గరకు వచ్చేసరికి ఇలా కరిగిపోతుంది.

సమాధానం 2:
పై సమాధానానికి పారిశ్రామిక కోణం ఒకటి జోడిస్తాను. పరిమాణం, ఆవేశం రెండూ దాదాపు సమానం కావడంతో జిర్కోనియం, హాఫ్నియంల జంట రసాయనికంగా విడదీయడం చాలా కష్టమయ్యేంతగా కలిసిపోయింది. హాఫ్నియం జిర్కోనియం ఖనిజంలోనే దాగి ఉండి, 1923లో గాని కోపెన్‌హేగన్‌లో కోస్టర్, హెవెసీలకు ఎక్స్-కిరణ వర్ణపటం ద్వారా దొరకలేదు. మన శ్రీకాకుళం, విశాఖ తీరపు ఇసుకలో దొరికే జిర్కాన్ అనే జిర్కోనియం ఖనిజంలోనూ ఇవి రెండూ కలిసే ఉంటాయి.

అణు రియాక్టరు దగ్గర మాత్రం ఈ కలయిక పనికిరాదు. జిర్కోనియం న్యూట్రాన్లను దాదాపుగా పీల్చుకోదు కనుకనే ఇంధన గొట్టాలకు దాన్ని వాడతారు. హాఫ్నియం అంతకు 500 రెట్లకు పైగా పీల్చుకుంటుంది. అందుకే హైదరాబాదులోని అణు ఇంధన సంస్థ నైట్రిక్ ఆమ్ల ద్రావణం నుంచి ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అనే ద్రావణి సాయంతో ఈ రెండింటినీ వేరు చేస్తుంది. అన్నట్టు, పరిమాణంలో కవలలైనా బరువులో కాదు: సాంద్రత ఘన సెంటీమీటరుకు గ్రాములలో జిర్కోనియానికి సుమారు 6.5, హాఫ్నియానికి 13.3.

సమాధానం 3:
కారణంతో ఏకీభవిస్తున్నాను గాని, గాలియం విషయంలో 135 అనే అంకెను మరీ నమ్ముకోవద్దని ప్రశ్న అడిగిన వారికి నా సూచన. ఘన గాలియంలో ప్రతి పరమాణువుకూ ఒక పొరుగు పరమాణువు 244 పికోమీటర్ల దగ్గరగానూ, మిగిలినవి 270 లేదా అంతకు మించిన దూరంలోనూ ఉంటాయి. అటువంటి నిర్మాణం నుంచి లెక్కించిన లోహ వ్యాసార్థాన్ని అల్యూమినియం అంకెతో నేరుగా పోల్చడం సరికాదు. సంయోజనీయ వ్యాసార్థాలు (ఎలక్ట్రాన్లను పంచుకునే బంధాల పొడవు నుంచి లెక్కించేవి) తీసుకుంటే రెండూ ఇంచుమించు సమానమే.

స్ఫటిక నిర్మాణంతో సంబంధం లేని మొదటి అయనీకరణ శక్తి (పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను తొలగించడానికి కావలసిన శక్తి) ఇక్కడ మెరుగైన సాక్ష్యం. కిలోజౌళ్లలో ఒక మోల్‌కు బోరాన్ 801, అల్యూమినియం 577, గాలియం 579, ఇండియం 558, థాలియం 589. తగ్గవలసిన చోట గాలియం దగ్గర ఆగడానికి 3డి, థాలియం దగ్గర మళ్లీ పెరగడానికి 4ఎఫ్ ఎలక్ట్రాన్లు కారణం. థాలియం అంతటి భారీ పరమాణువులో 6ఎస్ ఎలక్ట్రాన్లు సాపేక్షతా ప్రభావం (ఎలక్ట్రాన్ల అతివేగం వల్ల కలిగేది) వల్ల కూడా కేంద్రకానికి దగ్గరవుతాయి కాబట్టి, ఆ పెరుగుదలను పూర్తిగా లాంథనైడ్ సంకోచం ఖాతాలో వేయకూడదు.