'తసమదీయులు', 'గింబళి': చమత్కారమా, కుర్రచేష్టా?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. మొన్న ఆదివారం చెన్నై త్యాగరాయనగర్‌లో కలుసుకున్నప్పుడు 'మాయాబజార్' (1957) హాస్యం మీద మొదలైన వాదం తేలకుండానే అందరమూ లేచిపోయాము కనుక, నా అభ్యంతరాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఆ చిత్రంలోని పాటలతో గాని, నటనతో గాని, ఛాయాగ్రహణంతో గాని నాకు పేచీ లేదు. కాని అందులో రాక్షసుల నోట వచ్చే 'అసమదీయులు, తసమదీయులు', 'దుషటచతుషటయము', 'గింబళి', 'గిల్పం' వంటి మాటలను గొప్ప భాషా చమత్కారాలుగా పొగడటం నాకు సమ్మతం కాదు. నోరు తిరగనివాడు మాట తప్పుగా పలికితే నవ్వడం, అర్థంలేని శబ్దం చెవిన పడితే నవ్వడం పసిపిల్లలు చేసే పని. చిన్నతనంలో చూసి నవ్వుకున్నాము కాబట్టి, పెద్దయ్యాక ఆ నవ్వుకు పాండిత్యాన్ని అంటగడుతున్నామేమోనని నా అనుమానం. ఈ మాటలలో తెలివి ఎక్కడ ఉందో అభిమానంతో కాక వ్యాకరణంతో చూపించగలవారు చూపించాలని కోరుతున్నాను.

సమాధానం

మీరు వ్యాకరణంతో చూపించమనడం నాకు సంతోషం కలిగించింది. ఈ చిత్రం గురించి మనవాళ్ళు రాసే పొగడ్తలలో ఎక్కువ భాగం 'ఆహా' దగ్గరే ఆగిపోతాయి, మాటను విప్పి చూసేవారు తక్కువ.

ముందుగా 'తసమదీయులు' సంగతి చూద్దాము. 'అస్మదీయ' అనేది శుద్ధమైన సంస్కృత పదం. 'అస్మద్' శబ్దానికి 'ఈయ' ప్రత్యయం చేరితే 'మాకు చెందిన' అనే అర్థంలో అది ఏర్పడుతుంది. అదే పద్ధతిలో 'యుష్మద్' నుంచి 'యుష్మదీయ', 'తద్' నుంచి 'తదీయ' వస్తాయి. అంటే పండితుడు 'మనవాళ్ళు, వాళ్ళవాళ్ళు' అని చెప్పదలిస్తే 'అస్మదీయులు, తదీయులు' అనాలి. 'తస్మద్' అనే శబ్దం సంస్కృతంలో లేదు. అయితే 'తద్' శబ్దానికే 'తస్మై', 'తస్మాత్', 'తస్మిన్' అనే విభక్తి రూపాలు ఉన్నాయి కనుక, 'తస్మ' అనే ధ్వని సంస్కృతం కొద్దిగా చెవిన పడినవారికి కూడా పరిచయమైనదే. 'అస్మ'కు ఎదురుగా 'తస్మ'ను నిలబెట్టినవాడు తోచిన అక్షరాన్ని తగిలించలేదు. భాషలో అప్పటికే ఉన్న ఒక ముక్కను తీసుకుని, లేని చోట అతికించాడు. భాషాశాస్త్రంలో సామ్యం వల్ల పదాలు పుట్టడమంటే ఇదే. పైగా 'తస్మాత్ జాగ్రత' అనే హెచ్చరిక మనలో చదువు లేనివారికి కూడా తెలుసు. 'తస్మదీయులు' అన్నప్పుడు ఆ హెచ్చరిక నీడగా వినిపించి, వీరితో జాగ్రత్తగా ఉండాలి సుమా అనే భావం తోస్తుంది. ఇది రచయిత ఉద్దేశించినదో కాదో చెప్పలేను గాని, నా చెవికి మాత్రం ఆ మాట బలం సగం అక్కడే ఉంది.

ఇక 'అస్మ' 'అసమ'గా మారడం. సంయుక్తాక్షరం మధ్య అచ్చును చొప్పించి పలకడాన్ని స్వరభక్తి అంటారు. 'రత్నము' 'రతనము' అయినది, 'యత్నము' 'జతనము' అయినది ఈ దారిలోనే; ఆ రూపాలను మన కవులు నిస్సంకోచంగా కావ్యాలలో వాడుకున్నారు. మన నగరంలో దుకాణాల బోర్డులు చదవగలిగినవారికి మరొక సాక్ష్యం కూడా దొరుకుతుంది: తమిళంలో 'లక్ష్మి'ని 'లట్చుమి' అని రాస్తారు, 'రత్నం' 'రత్తినం' అవుతుంది. కాబట్టి 'దుష్టచతుష్టయము'ను 'దుషటచతుషటయము' అన్న రాక్షసుడు చేసిన పని ద్రావిడ భాషలు మాట్లాడే నాలుక శతాబ్దాలుగా చేస్తూ వచ్చిన పనే. ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించమని మనవి. ఆ మాటలలో విరిగేవి సంయుక్తాక్షరాలు మాత్రమే, తక్కిన అక్షరాలు చెక్కుచెదరవు. కేవలం గోల పుట్టించి నవ్వించడమే లక్ష్యమైతే, మాటను ఎక్కడపడితే అక్కడ విరిచి 'అమసదీలుయు' అనిపించవచ్చు. ఈ చిత్రానికి మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు అలా చేయలేదు.

'గింబళి' నాకు ఇంతకన్నా ఇష్టమైన మాట. తెలుగులో ప్రతిధ్వని పదాలకు ఒక నియమం ఉంది. మొదటి అక్షరం హ్రస్వమైతే దాని స్థానంలో 'గి', దీర్ఘమైతే 'గీ' వస్తుంది: పుస్తకం గిస్తకం, డబ్బూ గిబ్బూ, కాఫీ గీఫీ. తమిళులూ కన్నడిగులూ కూడా ఇదే పద్ధతి పాటిస్తారు. ఈ నియమం ప్రకారం 'కంబళి'కి 'గింబళి', 'తల్పం'కు 'గిల్పం' తప్ప మరొకటి రాదు. అయితే ప్రతిధ్వని పదం ఒంటరిగా నిలబడలేదు. 'గిస్తకం' తెమ్మని ఎవరినైనా అడిగితే అతడు ఏమి తెస్తాడు? అటువంటి పదానికి ఒక వస్తువును సృష్టించి ఇవ్వడంలోనే ఇక్కడి చమత్కారం ఉంది. చూపులకు కంబళిలాగే ఉండి, దాని మీదికి వచ్చినవారిని ముప్పుతిప్పలు పెట్టే మాయవస్తువుకు 'గింబళి' అని పేరు పెట్టారు. 'పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు' అన్నప్పుడు ఆ 'గి'లో ఉండే తిరస్కారం, కొట్టివేత మనందరికీ తెలుసు. కంబళి అనిపించి కంబళి కాకుండా పోయే వస్తువుకు తెలుగులో ఇంతకన్నా సరైన పేరు దొరకదు. అదే 'కంబళి, ఝంబళి' అని ఉంటే నేను వెంటనే మీ పక్షాన చేరి ఉండేవాణ్ణి.

చిత్రంలో మెప్పుకు గుర్తుగా మెడలో వేసే 'వీరతాడు' గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మన ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేసిన వ్యాకరణకర్త చిన్నయసూరి సమాసాలను సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రం అని విభజించారు. 'వీర' సంస్కృతం నుంచి వచ్చిన తత్సమం, 'తాడు' తెలుగు కాబట్టి ఇది మిశ్రసమాసం. 'వీరహారం' అనదగిన చోట 'తాడు' అనడం వల్ల బిరుదు గొప్పతనమూ, అడవిలో దొరికే వస్తువు మోటుతనమూ ఒకే మాటలో ఇమిడిపోయాయి.

మీతో ఏకీభవించే విషయమూ ఒకటి ఉంది. రాక్షసులు మగపెళ్ళివారికి మాయతో ఏర్పరచిన విడిదిలో మనుషులు గిరగిరా తిరగడం, పడి దొర్లడం వంటి ఘట్టాలు శరీరంతో పుట్టించిన హాస్యమే. అందులో భాషాచాతుర్యం వెతకడం అనవసరం, పిల్లలు నవ్వేది కూడా అక్కడే. అంతమాత్రాన అది తక్కువదని నేను అనుకోను. భరతుడు నాట్యశాస్త్రంలో హాస్యానికి విభావాలు, అంటే కారణాలు, చెబుతూ వికృతమైన వేషాన్నీ, అసత్ప్రలాపాన్నీ (పొంతనలేని మాటలనూ) రెండింటినీ చేర్చాడు. అంతేకాక స్మితం, హసితం మొదలుకొని అతిహసితం వరకు నవ్వును ఆరు రకాలుగా విడదీసినప్పుడు, అతడు ఆ భేదాలను నవ్వేవారి ప్రకృతిని బట్టి ఉత్తమ, మధ్యమ, అధమాలుగా పంచాడు గాని, నవ్వు పుట్టించిన మాటను బట్టి పంచలేదు. ఒకే 'తసమదీయులు'కు పిల్లవాడు పగలబడి నవ్వవచ్చు, వ్యాకరణం చదివినవాడు పెదవి విప్పకుండా నవ్వుకోవచ్చు. రెండు నవ్వులకూ చోటిచ్చిన మాటను కుర్రచేష్ట అని తోసివేయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ప్రశ్నించినవారి ప్రత్యుత్తరం

'గింబళి' విషయంలో మీ వాదన ఒప్పుకుంటున్నాను. ప్రతిధ్వని నియమాన్ని నేను ఆ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. కాని స్వరభక్తి గురించి మీరు చెప్పినది నా అభ్యంతరాన్ని మరింత గట్టిపరుస్తున్నది. అది మన జనసామాన్యం నాలుకకు సహజమైన ఉచ్చారణే అయితే, దానిని రాక్షసుల నోట పెట్టి నవ్వించడం చదువుకోని పల్లెప్రజలను ఎగతాళి చేయడం కాదా? మాటల నిర్మాణంలో తెలివి ఉన్నా, ఉద్దేశంలో చిన్నచూపు ఉంటే ఆ హాస్యాన్ని ఉత్తమమని ఎలా అనగలము?

సమాధానం

ఇది మొదటి ప్రశ్నకన్నా బరువైనది. తప్పు ఉచ్చారణను ఆధారం చేసుకుని మనుషులను కించపరిచిన హాస్యం మన చిత్రాలలో చాలా ఉంది. యాసను, నత్తిని, కులవృత్తుల మాటతీరును నవ్వులపాలు చేసిన ఘట్టాలు చూసి నేను కూడా బాధపడ్డాను. కనుక ఈ చిత్రంలో నవ్వు ఎవరి మీదికి పోతున్నదో నిదానంగా చూడాలి.

మాట తప్పు పలికినందుకు అక్కడ ఎవరికీ శిక్ష పడదు. ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలు ఎలా పుడతాయని ఘటోత్కచుడు అడిగి, కొత్త మాటను మెచ్చుకుని వీరతాడు వేయిస్తాడు. రాజు స్థానంలో ఉన్నవాడు, అందులోనూ ఎస్.వి. రంగారావు వంటి గంభీరమైన నటుడు ఆ తీర్పు చెప్పడం వల్ల ప్రేక్షకుడి మనసు పలికినవాడి వైపే మొగ్గుతుంది. మరోవైపు సంయుక్తాక్షరాలను ఒత్తిఒత్తి పలకగలిగిన శర్మ, శాస్త్రి మగపెళ్ళివారి తరఫున వచ్చి, గోంగూరను కూడా శాకంబరీదేవి ప్రసాదమని పెద్ద మాటలతో అలంకరించి అడుగుతారు. వంగర, అల్లు రామలింగయ్య నటించిన ఆ పాత్రలే మాయవిడిదిలో నానా అగచాట్లు పడతాయి. నోరు తిరగనివారు తెలివైనవారుగా, నోరు బాగా తిరిగినవారు మోసపోయినవారుగా మిగిలిన కథలో చిన్నచూపు పల్లెప్రజల మీద ఉన్నదని నేను ఒప్పుకోలేను.

ఒక్క విషయంలో మాత్రం మీ ఆందోళనకు ఆధారం ఉంది, అయితే అది చిత్రంలో కాదు, తరువాతి వాడుకలో. నేడు పత్రికలలో పదవుల పంపకాల గురించి రాసేటప్పుడు 'అస్మదీయులు, తస్మదీయులు' అని అచ్చువేస్తున్నారు. లేని సంస్కృత శబ్దాన్ని ఉంచుకుని, ఉచ్చారణను మాత్రం పండితుల పద్ధతికి దిద్దుకున్నారు. రాక్షసుడి మాట కావాలి గాని, అతడి నాలుక అక్కరలేదన్నమాట. మన సభ్యులలో నిఘంటు నిర్మాణంలో పాలుపంచుకుంటున్నవారు ఈ పదాన్ని చేర్చదలిస్తే, 'తసమదీయులు' అనే రూపాన్నే ప్రధానంగా ఇచ్చి, 'తస్మదీయులు'ను రూపాంతరంగా చూపాలని నా విన్నపం.