స్ట్ర్‌స్కాపీ పక్క ఆబ్జెక్ట్‌ని తొంగి చూస్తే తప్పెవరిది, కోడ్‌దా ఎంటీఈదా?

పెందుర్తి_పాయింటర్:
అందరికీ నమస్తే. రుషికొండలో చిన్న కంపెనీ, ఆర్మ్ బోర్డుల మీద పని. ఎంటీఈ (మెమరీ తప్పుల్ని చిప్పే పట్టుకునే ఆర్మ్ ఫీచర్) ఉన్న కొత్త బోర్డు వచ్చిందని లినక్స్ కెర్నల్‌లో హార్డ్‌వేర్ ట్యాగ్ కాసాన్, అంటే ఎంటీఈ వాడే మెమరీ చెకర్, ఆన్ చేశా, బూట్ సగంలోనే స్ట్రింగ్ కాపీ చేసే స్ట్ర్‌స్కాపీ ఫంక్షన్ దగ్గర ట్యాగ్ ఫాల్ట్ కొట్టింది. రెండ్రోజులు చూశా, మా కోడ్‌లో ఏం లేదు, స్ట్రింగ్ చివర సున్నా బైట్ బుద్ధిగా ఉంది. కాపీ చేసేది బైట్ బైట్ కాకుండా ఒకేసారి ఎనిమిది బైట్లు లాగుతోంది, అందులో చివరి మూడు పక్క ఆబ్జెక్ట్‌వి. 2025లో మెయిన్‌లైన్‌లో (అసలు లినక్స్ కోడ్‌లో) దీనికి మార్పు వచ్చింది, లోడ్ అన్‌ఎలైన్డ్ జీరోప్యాడ్ వాడేలా, అంటే చదివేటప్పుడు ఫాల్ట్ వస్తే అంచు దాటిన చోట సున్నాలు నింపే ఫంక్షన్. మాది పాత కెర్నల్. అది బ్యాక్‌పోర్ట్ చేయాలా (పాతదానిలోకి తెచ్చుకోవాలా), బైట్ బైట్ కాపీకి దిగిపోవాలా, ఆ ఫంక్షన్ వరకు చెక్ ఆపేయాలా? లీడ్ మూడోది అంటున్నాడు.

గాజువాక_గురు:
లీడ్ చెప్పింది చెయ్, సాయంత్రం బీచ్‌కి వెళ్లు.

కంచరపాలెం_కెర్నల్:
ముందు ఒకటి తేల్చుకుందాం, ఇది బగ్ కాదు. ఎనిమిది బైట్లు ఒక్కసారి చదివి, తీసివేతా మాస్కూ కలిపి మూడు నాలుగు ఇన్‌స్ట్రక్షన్లతో అందులో సున్నా ఉందా లేదా అని చూడటం ఎంటీఈ పుట్టకముందు నుంచి ఉన్న పద్ధతి. దానికి ఒకటే రూల్, మ్యాప్ కాని పేజీలోకి అడుగు పెట్టకూడదు. స్ట్ర్‌స్కాపీ ఆ జాగ్రత్త తీసుకుంటుంది, సోర్స్ ఎలైన్ అయి లేకపోతే, అంటే అడ్రస్ ఎనిమిది గుణిజం కాకపోతే, పేజీ అంచు వరకే పెద్ద లోడ్లు చేసి తర్వాత బైట్ బైట్‌కి దిగుతుంది. 4096 బైట్ల పేజీ గోడ చూసుకుని కట్టిన ఇంటికి ఇప్పుడొచ్చి ప్రతి 16 బైట్లకీ గోడ ఉంది, నువ్వు దూకావు, దొంగవి అంటే ఎలా? చదివాడు, వాడుకోలేదు, పారేశాడు. నష్టం ఎవరికి?

మధురవాడ_ఎంబెడెడ్:
పారేశాడని హార్డ్‌వేర్‌కి ఎలా తెలుస్తుంది కెర్నల్ గారూ? తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఎంటీఈలో మెమరీని 16 బైట్ల ముక్కలు చేసి ఒక్కో ముక్కకి 4 బిట్ల ట్యాగ్ ఇస్తారు, పాయింటర్ పై బిట్లలో కూడా అదే ట్యాగ్ ఉంటుంది, రెండూ కలవకపోతే ఫాల్ట్. ఆ లోడ్ ఎందుకు చేశావని అది అడగదు. అడగకపోవడమే దాని గొప్ప.

ఇంకోటి, ఇది ఎవరూ పరిష్కరించని సమస్య ఏం కాదు. ఆర్మ్ 64లో స్ట్రింగ్ పొడవు కొలిచే స్ట్ర్‌లెన్ చూడండి, హార్డ్‌వేర్ ట్యాగ్ కాసాన్ ఉంటే కనీస పేజీ సైజు 4096 బదులు 16 అనుకుంటుంది, ఒక్క డిఫైన్ మార్పు. 2021లో స్ట్రింగులు పోల్చే స్ట్ర్‌కంప్ ఎంటీఈకి పడదని తెలిసినప్పుడు ముందు మామూలు సీ కోడ్‌కి దిగారు, 2022లో ఎంటీఈకి సరిపడేలా రాసిన అసెంబ్లీ తెచ్చుకున్నారు. ఎనిమిదికి ఎలైన్ అయిన ఎనిమిది బైట్ల లోడ్ ఎప్పుడూ 16 అంచు దాటదు కదా. ముందు కొన్ని బైట్లు మామూలుగా కాపీ చేసి సోర్స్‌ని ఎలైన్ చేసుకుంటే గొడవే లేదు.

కంచరపాలెం_కెర్నల్:
స్ట్ర్‌లెన్‌కి ఒక పాయింటర్. కాపీకి రెండు. సోర్స్‌ని సర్దితే డెస్టినేషన్ వంకర పోతుంది.

మధురవాడ_ఎంబెడెడ్:
పోతే పోనివ్వండి, డెస్టినేషన్‌కి కౌంట్ హద్దు ఉంది, రాత ఆ హద్దు దాటదు. దాటేది చదవడమే. మీరు మళ్లీ మళ్లీ ఆ రెండు పాయింటర్ల దగ్గరే తిరుగుతున్నారు.

కంచరపాలెం_కెర్నల్:
తిరుగుతాను, ఎందుకంటే అన్‌ఎలైన్డ్ స్టోర్ ఫ్రీ కాదు.

భీమిలి_బైట్:
స్ట్ర్‌స్కాపీలో వేగం ఎవడిక్కావాలి బాబూ, డివైజ్ పేరు కాపీ చేయడానికేగా. ఎక్కువ స్ట్రింగులు ఇరవై బైట్లు కూడా ఉండవు.

కంచరపాలెం_కెర్నల్:
ఇలాగే ఒక్కోటీ వదులుకుంటూ పోతే చివరికి మిగిలేది ఏటి? ఫైల్ పాత్ వెతికే కోడ్ కూడా ఇదే ట్రిక్ మీద నడుస్తోంది, అక్కడా బైట్ బైట్ చేస్తారా?

జగదాంబ_జంక్షన్:
అక్కడ జీరోప్యాడ్ ఎప్పటి నుంచో ఉంది కదా సార్, అదే ఇక్కడికి తెస్తున్నారు, కొత్తేముంది.

మధురవాడ_ఎంబెడెడ్:
అదే నేనూ అనేది. బ్యాక్‌పోర్ట్ చేసుకో పాయింటర్ గారూ, చెక్ మాత్రం ఆపకు. గతంలో నేను పనిచేసిన చోట ఇలాగే "ఈ ఒక్క ఫంక్షన్‌కే" అని ఎవరో చెక్ తీసేశారు. ఒక డ్రైవర్ పేరు చివర సున్నా పెట్టడం మర్చిపోయింది, పక్క ఆబ్జెక్ట్ బైట్లు లాగ్‌లోకి వచ్చి కస్టమర్ దగ్గర కూర్చున్నాయి. రిలీజ్ మీద సంతకం నాది కాబట్టి తిట్లు నాకు. తీసేసినవాడు అప్పటికే హైదరాబాద్‌లో వేరే ఉద్యోగంలో చేరిపోయాడు.

కంచరపాలెం_కెర్నల్:
మీకు ఒక కస్టమర్ తిట్టాడు. నాకు మూడు వారాలు నిద్ర లేదు. పోర్ట్ వైపు ఒక సైట్‌లో మా గేట్‌వేలు, స్పీడ్ తగ్గకూడదని ఎంటీఈ అసింక్ మోడ్‌లో పెట్టారు. అసింక్‌లో ఫాల్ట్ జరిగినట్టు ఒక రిజిస్టర్‌లో గీత పడుతుంది, కెర్నల్ దాన్ని తర్వాత ఎప్పుడో చూసుకుంటుంది, ఏ అడ్రస్ దగ్గరో చెప్పదు. నేను వెయ్యి లైన్ల డ్రైవర్‌ని ఊడబీకి మళ్లీ కట్టాను. చివరికి తేలింది ఏటంటే ఇదిగో ఇలాంటి అమాయకపు ఓవర్‌రీడ్. అప్రైజల్‌లో "నిదానం" అని రాశారు. మీరు హాయిగా చెక్ ఆపకు అంటున్నారు, ఫాల్స్ అలారం మోసినవాడికి తెలుస్తుంది బరువు.

గాజువాక_గురు:
పాప్‌కార్న్ అయిపోయింది, ముంత మసాలా తెచ్చుకుంటా.

మధురవాడ_ఎంబెడెడ్:
మీ మేనేజర్ మీద కోపం ఎంటీఈ మీద చూపిస్తే ఎలా అండీ? అసింక్ పెట్టమని ఎవరన్నారు? డీబగ్‌కి సింక్ మోడ్ ఉంది, దెబ్బ తగిలిన చోటే ఆగుతుంది.

కంచరపాలెం_కెర్నల్:
కోపం ఎవరి మీదో నాకు తెలుసులెండి. సరే సింక్ అనే అనుకుందాం. మీరు ముద్దు చేస్తున్న జీరోప్యాడ్ సింక్‌లో ఏం చేస్తుందో చదివారా, లేక ప్యాచ్ టైటిల్ చూసి సరే అన్నారా? అన్‌ఎలైన్డ్ లోడ్ అంచు దాటింది, ఫాల్ట్ వచ్చింది, ఆ ఫాల్ట్‌ని సర్దే ఫిక్సప్ హ్యాండ్లర్ అడ్రస్‌ని వెనక్కి ఎలైన్ చేసి చదివి, షిఫ్ట్ చేసి, మిగతా చోట సున్నాలు నింపి ఇస్తుంది. సున్నా అంటే స్ట్రింగ్‌కి ముగింపు. మీ డ్రైవర్ కథే తీసుకోండి, చివర సున్నా లేని స్ట్రింగ్. ఇప్పుడు అది ముక్క అంచు దగ్గర చక్కగా ముగిసినట్టు కనిపిస్తుంది. రిపోర్ట్ లేదు, ఏమీ లేదు. మీ బగ్‌ని మీ మందే దాచేసింది.

భీమిలి_బైట్:
అబ్బో.

మధురవాడ_ఎంబెడెడ్:
ఒక్క నిమిషం. సోర్స్ ఎలైన్ అయి ఉంటే తర్వాతి లోడ్ సరిగ్గా తప్పుడు ముక్క మొదట్లోనే పడుతుంది. హ్యాండ్లర్ ఎలైన్ చేసినా అదే అడ్రస్ వస్తుంది, అక్కడ మళ్లీ ఫాల్ట్, అది రిపోర్ట్ అవుతుంది.

కంచరపాలెం_కెర్నల్:
అవుతుంది. అంటే ఎలైన్ అయితే దొరుకుతాడు, ఒక బైట్ పక్కకి జరిగితే దొరకడు. దీన్ని సెక్యూరిటీ అంటారా, లాటరీ అంటారా?

మధురవాడ_ఎంబెడెడ్:
ఒప్పుకుంటున్నా, అది నేను చూడలేదు. కానీ పక్కవాడి బైట్లు బయటికి రాలేదు కదా! సున్నాలే వచ్చాయి. నా కస్టమర్ లాగ్‌లో చెత్త పడి ఉండేది కాదు. నాకు అది చాలు. బగ్ తర్వాత పట్టుకుంటా.

కంచరపాలెం_కెర్నల్:
నాకు చాలదు. నాకు ల్యాబ్‌లో బగ్ దొరకాలి, ఫీల్డ్‌లో బాక్స్ ఆగకూడదు. మీకు ల్యాబ్ ఏమైనా పర్లేదు, ఫీల్డ్‌లో చుక్క బయటికి పోకూడదు. పొద్దున్నుంచి మనం రెండు పాయింటర్లని కొట్టుకున్నాం గానీ గొడవ అది కాదు. మీరు ఫీల్డ్‌లో కాసాన్ ఫాల్ట్ ఆప్షన్ పానిక్‌లో, అంటే ఫాల్ట్ రాగానే బాక్స్ ఆగిపోయేలా, పెడతారు, అవునా?

మధురవాడ_ఎంబెడెడ్:
పెడతాను. తప్పేముంది. రిపోర్ట్‌లో పెడితే మొదటి ఫాల్ట్ ప్రింట్ చేసి ఆ సీపీయూ మీద ట్యాగ్ చెక్కే ఆపేస్తుంది. వాచ్‌మన్ ఒకసారి విజిల్ వేసి ఇంటికెళ్లిపోయినట్టు. అసలు దొంగ ఆ తర్వాత వస్తే?

కంచరపాలెం_కెర్నల్:
పానిక్ అయి రాత్రి రెండింటికి గేట్‌వే పడుకుంటే సైట్‌కి స్కూటర్ మీద వెళ్లేది నేను. అదీ దేనికి, 4 బిట్ల ట్యాగ్ కోసం, పదహారు విలువలు కూడా పూర్తిగా దొరకవు, ఫ్రీ అయినదానికొకటి, అన్నిటితో కలిసేదొకటి పోతే మిగిలేది పద్నాలుగు. 2024లో టిక్‌ట్యాగ్ అనే దాడి కనిపెట్టిన పరిశోధకులు స్పెక్యులేషన్‌తో (ప్రాసెసర్ ముందే ఊహించి పని చేసేయడంతో) ఆ ట్యాగులు కూడా లీక్ అవుతాయని చూపించారు.

మధురవాడ_ఎంబెడెడ్:
తాళం పగలగొట్టొచ్చని తలుపు తీసి పెట్టుకోం కదండీ. మీ స్కూటర్ బాధ అర్థమైంది, దానికి మందు రోస్టర్. చెక్ తీసేయడం కాదు.

కంచరపాలెం_కెర్నల్:
రోస్టర్‌లో మీ పేరు కూడా వేస్తే ఒప్పుకుంటా.

పెందుర్తి_పాయింటర్:
అన్నా, అక్కా, మీ ఇద్దరి మధ్య నాకు ఒకటి వెలిగింది. మావాళ్లు రిపోర్ట్ మోడ్‌లోనే పెట్టారు. అంటే బూట్‌లో ఈ ఉత్తుత్తి ఫాల్ట్ రాగానే ఆ సీపీయూ మీద చెక్ ఆగిపోతోంది, వారం రోజులుగా నేను "ఇంకే బగ్గూ లేదు" అని లీడ్‌కి మెయిల్ కొడుతున్నది చెక్ లేని సీపీయూ చూసి! ఇప్పుడు ల్యాబ్ బిల్డ్‌లో స్ట్ర్‌స్కాపీని బైట్ బైట్‌కి దింపి మళ్లీ బూట్ చేశా. ఇంకో ఫాల్ట్ వచ్చింది, మా సొంత సెన్సర్ డ్రైవర్‌లో, ఈసారి రాత.

మధురవాడ_ఎంబెడెడ్:
రాతా? ట్రేస్ పెట్టు.

కంచరపాలెం_కెర్నల్:
ట్రేస్ పెట్టు బాబూ, సైజ్ ఎంత అడిగాడో కూడా. లీడ్‌కి ఇప్పుడే మెయిల్ కొట్టకు.