రోజా (ఉపవాసం)లో మధ్యాహ్నం తర్వాత మిస్వాక్ (పళ్లు తోమే పుల్ల) వాడవచ్చా? పంటి చిగురు దిగినవారు మానేయాలా?

ప్రశ్న (హైదరాబాదు నుండి)

అస్సలాము అలైకుమ్. నాన్నగారు ఉమ్రా (మక్కా యాత్ర) నుండి తెచ్చిన మిస్వాక్‌లను నాలుగు నెలలుగా ప్రతి వుజూలోనూ (నమాజుకు ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కునేటప్పుడు) వాడుతున్నాను. రంజాన్ మొదలయ్యాక నాకు రెండు సందేహాలు కలిగాయి. బార్కస్‌లో ఉండే నా స్నేహితుడు రోజా ఉన్నప్పుడు పొద్దు వాలాక మిస్వాక్ ముట్టడు. మా ఇంట్లో మాత్రం సాయంత్రపు అసర్ నమాజుకు కూడా వాడడం చిన్నప్పటి నుండి చూస్తున్నాను. ఎవరిది సరైన పద్ధతి? రెండవది, కింది ముందు పళ్ల దగ్గర చిగురు కొద్దిగా దిగి, చల్లని నీళ్లు తగిలితే జివ్వుమంటోంది. దంతవైద్యురాలు పుల్ల వాడకం ఆపమన్నారు. ప్రవక్త (స) ఆచరించిన సున్నత్‌ను వదులుకోవడానికి నా మనసు ఒప్పడం లేదు.

జవాబు 1 (కర్నూలు నుండి)

వ అలైకుమ్ అస్సలామ్. మీ ఇద్దరి పద్ధతికీ ఆధారం ఉంది. బార్కస్‌లో స్థిరపడిన హద్రమీ (యెమెన్) అరబ్బు కుటుంబాలది షాఫయీ మజ్‌హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం). ఉపవాసి నోటి వాసన అల్లాహ్ వద్ద కస్తూరి కన్నా మేలైనదన్న హదీసును బట్టి, పొద్దు వాలాక ఆ వాసనను పోగొట్టడం మక్రూహ్ (చేయకపోతే మేలైన పని) అన్నది ఆ మజ్‌హబ్‌లో ప్రసిద్ధమైన అభిప్రాయం. మన ప్రాంతంలో ఎక్కువ మంది అనుసరించే హనఫీ మజ్‌హబ్‌లో పచ్చిదైనా ఎండుదైనా రోజంతా వాడవచ్చు.

ఇక రెండవ సందేహం. "నా ఉమ్మత్‌కు (అనుచర సమాజానికి) కష్టమవుతుందన్న భయమే లేకపోతే ప్రతి నమాజుకూ మిస్వాక్ చేయమని ఆజ్ఞాపించి ఉండేవాడిని" అని దైవప్రవక్త (స) చెప్పినట్లు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. మన కష్టాన్ని తలచుకునే ఆయన దీన్ని ఆజ్ఞగా చేయలేదు కనుక, చిగురు మానేవరకు మీరు కొన్నాళ్లు ఆపినా పాపం కాదు. ఆయన చివరి ఘడియల్లో హజ్రత్ ఆయిషా (రజి) తన సోదరుడి చేతిలోని మిస్వాక్‌ను తీసుకుని, తన పళ్లతో నమిలి మెత్తపరిచి ఆయనకు అందించిన సంగతి కూడా గుర్తు చేసుకోండి.

జవాబు 2 (గుంటూరు నుండి, దంతవైద్యుడు)

పై జవాబులోని "మెత్తపరిచి" అన్న మాట దగ్గరే మీ సమస్య ఉందని నా అనుమానం. ఈ పుల్లల వాడుక ఉన్న ప్రాంతాల్లో వాటిని ప్రోత్సహించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. మిస్వాక్ తీసే అరాక్ చెట్టును మన దేశంలో పీలూ అంటారు. దాని వేరులో ఘాటునిచ్చే బెంజైల్ ఐసోథయోసయనేట్‌కు బ్యాక్టీరియాను అణచే గుణం ఉంది. చిక్కల్లా వాడే తీరులోనే వస్తోంది. బ్రష్ కుచ్చు పిడికి అడ్డంగా ఉంటుంది, పుల్ల కుచ్చు పొడవునా ఉంటుంది. అందువల్ల దవడ పళ్ల లోపలి వైపుకు అది సరిగా అందదు, చేతికి సులువుగా దొరికే ముందు పళ్లపైనే రుద్దుడంతా పడుతుంది. ఎండిన పుల్లతో రోజుకు ఐదుసార్లు అలా రుద్దితే చిగురు దిగుతుంది.

ముందు మీ వైద్యురాలి మాట ప్రకారం కొన్నాళ్లు ఆపండి. ఆవిడ సరేనన్నాక, అర అంగుళం మేర బెరడు తీసి, నీళ్లలో నానబెట్టి, పీచు మెత్తబడే దాకా నమిలి, చిగురు నుండి పంటి కొన వైపు తేలికగా తుడవండి. వాడిన కుచ్చును రోజూ కత్తిరించి పారేయండి. సహరీ (తెల్లవారుజాము భోజనం) తర్వాత, రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో బ్రష్ చేయడం మాత్రం మానవద్దు, ఎందుకంటే పళ్లు పుచ్చకుండా ఆపేంత ఫ్లోరైడ్ పుల్లలో లేదు.

జవాబు 3 (కడప నుండి)

బాబూ, కొనేటప్పుడు చివర కొరికి చూడండి. ఆవపిండిలా ముక్కుకు తగిలితే అది తాజాది. మా అత్తగారు జీవితాంతం వేప పందుంపుల్లతోనే వుజూ చేసుకున్నారు, చేదు చెట్ల పుల్లలు కూడా మిస్వాక్ కిందికే వస్తాయని ఆలిములు (ధర్మ పండితులు) చెబుతారు. దానిమ్మ పుల్ల మాత్రం వద్దంటారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ జజాకల్లాహ్. నాన్నగారు ఇచ్చిన పుల్లను ఇప్పుడే వెలుతురులో పెట్టి చూశాను. కుచ్చు చివర పీచు విరిగి, కొబ్బరి చీపురు మొదలులా గరుకుగా ఉంది. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా దాన్ని కత్తిరించలేదు. ప్రస్తుతానికి ఆపాను. వచ్చే వారం వైద్యురాలి దగ్గరికి వెళ్లేటప్పుడు కొత్త పుల్లను నానబెట్టి వెంట తీసుకువెళ్లి, ఆవిడ ముందే వాడి చూపిస్తాను.